కొండ మీద మా అవ్వ నిద్ర

మొన్న కొండగట్టు ఆంజనేయుడి గుడికి వెళ్లొచ్చిన సంచి దులుపుతుంటే సిందూరం, నూనె కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా దేవుడు గుర్తుకొస్తాడు. నాకు మాత్రం పట్టపగలు నోరు తెరుచుకుని నిద్రపోతున్న మా అవ్వ, అంటే మా అమ్మ, గుర్తుకొస్తుంది.

మాది సిరిసిల్లలో సాంచెలు నడిచే వాడ. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. వాటి చప్పుడులోనే పుట్టి పెరిగాం కాబట్టి అది మాకు వినపడేది కాదు, తమ్ముడు మల్లేశం అరుపే వినపడేది. వాడికి మాటలు రాలేదు, నిద్రా సరిగ్గా పట్టేది కాదు. కోపమొస్తే అందినవాళ్లను కొరికేవాడు, సందు దొరికితే నడుస్తున్న సాంచెలో చెయ్యి పెట్టబోయేవాడు. అందుకని అవ్వ తన కొంగును వాడి మొలతాడుకు ముడేసుకుని నూలు కండెలు చుట్టేది, అట్లాగే వంట చేసేది. పెళ్లి పిలుపులు వచ్చేవి గానీ, వాణ్ణి వదిలేసి రమ్మని చెవిలో చెప్పిపోయేవాళ్లు. ఎవరి దగ్గర వదలాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు, మహానుభావులు!

నేను బడికి వెళ్లే ఆ రోజుల్లో, ఎండాకాలం సెలవులు రాగానే అవ్వ మా ఇద్దరినీ తీసుకుని కొండెక్కేది. మతి కుదురుగా లేనివాళ్లను తెచ్చి కొన్నాళ్లు అంజన్న సన్నిధిలో ఉంచడం మా వైపు ఆచారం. రేకుల షెడ్డు కింద మూడు రాళ్ల పొయ్యిలు, పొగ, మామిడికాయ పచ్చిపులుసు, చేతిలో అటుకులు లాక్కుపోయే కోతులు, తడిబట్టలతో ప్రదక్షిణలు, మధ్య మధ్య కేకలు. అందరి పక్కనా ఒక మల్లేశం ఉండేవాడు కాబట్టి ఎవరూ ఎవరినీ వింతగా చూసేవారు కాదు. మొదటేడే, ఎదిగిన కొడుకుతో చెన్నూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మా అవ్వ కొంగు ముడి తానే విప్పింది.

"పిలగాన్ని ఇటియ్యి బిడ్డా. నువ్వు జర పండు. రేపు నా కొడుకును నువ్వు చూద్దువు."

అక్కడి ఆడవాళ్లంతా అట్లా వంతులు వేసుకునేవాళ్లట. అవ్వ పడుకుంది. పగటిపూట ఆమె నిద్రపోవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు, భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

కొన్నేళ్లు అట్లా గడిచాక బాపుకు, అంటే మా నాన్నకు, విసుగొచ్చింది. "ఇన్నేండ్లు తిరిగినం, వానికేం తగ్గలే. ఇగ కొండకు పోవుడు బందు పెట్టు" అన్నాడు.

అవ్వ కండె చుట్టడం ఆపలేదు. "వానికి తగ్గుతదని నేను పోతలేను. ఆడ నాకు నిద్ర పడ్తది. గా నిద్ర గూడ బందు పెట్టమంటవా?"

ఆ ఏడు బాపు సాంచె ఆపి మా వెంట వచ్చాడు. బస్సెక్కగానే తమ్ముడి మొలతాడుకు తన తువ్వాల ముడేసుకుని కూర్చున్నాడు. దిగేదాకా అవ్వ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆనాడు బాపు మీద నాకు కలిగినంత ప్రేమ మళ్లీ ఎవరి మీదా కలగలేదు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. తల నెరిసిన మల్లేశం నా దగ్గరే ఉంటాడు. వాడి జబ్బుకు డాక్టర్లు ఒక పేరు చెప్పారు, మాత్రలున్నాయి. మొన్న కొండ మీద మేం దిగిన చోట రేకుల షెడ్డు లేదు. ఎవరికి వాళ్లకు గది, ఫ్యాను, తలుపుకు గడియ. మధ్యాహ్నం పక్క గదిలో ఎవరి బిడ్డో ఒకటే అరుపు, బతిమాలీ బతిమాలీ తల్లి గొంతు పోతోంది. మావారిని తమ్ముడి దగ్గర కూర్చోబెట్టి, ఆమెను కాసేపు పడుకోమందామని వెళ్లి ఆ తలుపు కొట్టాను. కాస్తంత తెరిచి చూసింది ఆ తల్లి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమనుకోకున్రి అక్కా, ఇగ లొల్లి చెయ్యది" అని చేతులు జోడించి, నేను నోరు తెరిచేలోపే గడియ వేసుకుంది.