మొనదేలిన కమాను

డెబ్బైల మొదట్లో ఉయ్యూరు దగ్గర ఒక పల్లెలో పాత చర్చికి మరమ్మతు జరిగింది. పని చూసే సూపర్‌వైజర్ని నేనే. దొరల కాలంనాటి కట్టడం. కిటికీలూ గుమ్మాలూ అన్నీ పైకి సాగి చివర మొనదేలి ఉండేవి. నాట్లకు పోయి వచ్చిన ఆడవాళ్ళు కూడా లోపల అడుగు పెట్టగానే తలెత్తి చూసేవారు. ఫాదర్‌గారి దగ్గరున్న బొమ్మల పుస్తకంలో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, మన మద్రాసు, అన్నిచోట్లా అదే మొన.

"కాంక్రీటు వచ్చాక కూడా ఇంకా ఈ మోజేమిటండీ?" అని నవ్వేవాణ్ణి. డిప్లొమా చదివాను. సిమెంటు తప్ప మరొకటి తెలియదు.

బలిపీఠం మీది పెద్ద కమాను బీటలిచ్చింది. దాన్ని విప్పి కట్టడానికి బెజవాడ పాతబస్తీ నుంచి ముసలి మేస్త్రి ఒకాయన వచ్చాడు. మసీదులు కట్టిన చెయ్యి.

"ఇదీ మా కమానుకి చుట్టమేనండీ. కాస్త బక్కచిక్కింది, అంతే," అనేవాడు.

గానుగ సున్నంతో, ఒక్కో ఇటుకా చెక్కి, చెక్కల ఊత మీద కట్టాడు. అయ్యాక, "నెల్లాళ్ళు ఈ చెక్కలు కదపకండి" అన్నాడు.

"నెల్లాళ్ళా? ఇదేమన్నా పురుడా మేస్త్రీ?"

"అంతేననుకోండి. సున్నం పచ్చి బాలింత. తొందరపెడితే మంచం పట్టుద్ది."

చర్చి పండగ దగ్గరపడింది. పదో రోజు శుక్రవారం. ఆయన నమాజుకి ఉయ్యూరు వెళ్ళిన సమయం చూసి కూలీల చేత చెక్కలు లాగించేశాను. సిమెంటుకి చాలిన గడువు సున్నానికి చాలదా అనుకున్నాను. కమాను నడినెత్తిన కుంగి, ఇటుకలు బలిపీఠం మీద రాలాయి.

ఫాదర్‌గారు పరుగెత్తుకొచ్చారు.

"మేస్త్రి తియ్యమంటేనే తీశామండీ. ముసలాడికి పనితనం పోయింది," అన్నాను. కూలీలు నా కిందివాళ్ళు, నోరు విప్పలేదు.

నమాజు నుంచి వచ్చిన మేస్త్రిని ఫాదర్‌గారు గుమ్మంలోనే కేకలేశారు. ఆయన నా వైపు తిరిగాడు.

"మీరే చెప్పండి బాబూ, నేను తియ్యమన్నానా?"

"అన్నావుగా."

తాపీ కడుక్కుని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ చోట నేను కాంక్రీటు దూలం అడ్డంగా పోయించాను.

ఆ తర్వాత ఆయనకి ఎవరూ కమాను పని ఇవ్వలేదని, ప్రహరీ గోడలు కట్టుకుంటున్నాడని విన్నాను. నిజం చెబుదామనుకుంటూనే ఆరేళ్ళు గడిపాను. ఏ ఊరెళ్ళినా, స్టేషనుకో కాలేజీకో ఆ మొన కనిపించేది. అంత బరువు అంత తేలిగ్గా ఆకాశంలోకి లేస్తుంటే ఎవరికి చూడబుద్ధి కాదు? నేను మాత్రం తల దించుకుని నడిచేవాణ్ణి.

చివరికి ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పోయి ఏడాదయిందట. కొడుకు స్టూలు వేశాడు. ఫలానా చర్చి పని చూసినవాణ్ణని చెప్పాను.

"మీరా సార్! ఆ కమాను మా నాన్న చెడగొట్టాడని బయటివాళ్ళు చెబితే తెలిసింది. ఆయన మాతో ఒక్క మాటా అనలేదు. మీకూ మాట వచ్చి ఉంటుంది. పెద్దాయన, మనసులో పెట్టుకోకండి సార్."

చెప్పడానికే వెళ్ళినవాణ్ణి.

"పోనీలేవయ్యా," అన్నాను. అతను తెప్పించిన టీ తాగి వచ్చేశాను.