పూర్వనామం గడిలో

శుక్రవారం పొద్దున పంజాగుట్ట బస్టాపులో ఉండగా చర్చి వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. మా రిజిస్టర్ల తాత ఇక లేరు.

ఆయన మాకు చుట్టం కారు. కోస్తా నుంచి వచ్చి, ఏదో ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, అమీర్‌పేటలోని మా చర్చి పాత రిజిస్టర్లు చూసుకునేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక వెనక గదిలో బాప్తిస్మం, పెళ్లి, సమాధి పుస్తకాలు ముందేసుకుని, తాతముత్తాతలను వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం కూర్చునేవారు.

నేను మా అమ్మమ్మ కోసం వెళ్లాను. ఆమె చిన్నప్పుడే తల్లి పోయింది. మార్తమ్మ అన్నది ఆ తల్లికి బాప్తిస్మంలో పెట్టిన పేరు. అంతకుముందు పేరేమిటో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. "మా అమ్మ అసలు పేరు తెల్వకుండనే పోతనేమోనే," అనేది అమ్మమ్మ.

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోతే తాత తలెత్తారు. "ఏంటమ్మా, కాన్వెంటులో ఫీజుతో పాటు మాటలు కూడా కట్టించుకున్నారా?"

జనాభా లెక్కల్లో దొరుకుతుందేమో అన్నాను.

"అక్కడ మనం అంకెలమే అమ్మా. పేరు కావాలంటే ఇక్కడికే రావాలి."

ఆయన పద్ధతి ఒకటే. అనుమానం ఉంటే పెన్సిలు, రూఢి అయితేనే పెన్ను. మార్తమ్మ పుట్టి ఉంటుందనుకున్న ఏళ్లలో పసిపిల్లల పేజీలన్నీ నాలుగు ఆదివారాలు తిరగేశాం. నా నోటుబుక్కు నిండా పెన్సిలు రాతలే.

ఐదో ఆదివారం ఆయన నుదురు కొట్టుకున్నారు. "ఎంత తెలివిగలవాళ్లమమ్మా మనం! ఆవిడ చిన్నప్పుడే బాప్తిస్మం తీసుకుందని ఎవరు చెప్పారు? మీ అమ్మమ్మగారి బాప్తిస్మం చూశామా?"

చూడలేదు. తెలిసిన పేరే కదా, వెతకడం ఎందుకనుకున్నాం. ఆ పేజీ తీస్తే అమ్మమ్మ పేరుకు పైవరుసలోనే ఉంది మార్తమ్మ. తల్లీబిడ్డలది ఒకే రోజు. 'పూర్వనామం' గడిలో పోచమ్మ.

ఇంటికెళ్లి చెబితే అమ్మమ్మ ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకుంది. తర్వాత నవ్వింది. "అవునే, పోశవ్వ! మా మేనమామ గట్లనే పిలుస్తుండె."

మరుసటి ఆదివారం ఆయనకు సర్వపిండి తెచ్చింది. "తమ్మీ, మా అమ్మను దొర్కవట్టినవ్. జర తిను."

"కారం కొంచెం ఎక్కువైందండీ," అంటూనే తాత రెండో ముక్క తీసుకున్నారు.

నిన్న సమాధి పుస్తకంలో ఆయన వివరాలు రాయమని పాస్టరుగారు నాకు చెప్పారు. పేరు, వయసు రాశాను. 'దగ్గరి బంధువు' గడి దగ్గర ఆగి, పెన్సిలు తీశాను. పక్కనున్న అమ్మమ్మ చూసింది.

"అండ్ల అనుమానమేందే? నా పేరు రాయ్. అక్క అని రాయ్."

పెన్నుతోనే రాశాను. ఫ్యాను గాలికి పేజీ లేవకుండా, సిరా ఆరేదాకా, అమ్మమ్మ దాని అంచు మీద వేలు పెట్టి ఉంచింది.