ఆంబ్రోస్ అనుమానించని డబ్బా

మా సెయింట్ వెండలిన్ ఊరి శ్మశానంలో ఇరవై ఎనిమిదేళ్ళపాటు ఒక్క గడ్డిపోచ కూడా మొలవలేదు. మిడతలు దాన్ని దాటాలంటే దారిలో తినడానికి ఏదైనా మూట కట్టుకుని బయలుదేరేవి. సరే, మూట సంగతి నేను కల్పించాను. గడ్డి కూడా ఉండేది లెండి, మిగతా మిస్సోరీలో ఎంత ఉంటుందో అంతా ఉండేది. కాని ప్రతి సమాధి రాయి చుట్టూ జానెడు వెడల్పున, తాడు పట్టి గీసినట్టు ఒక గోధుమరంగు పట్టీ ఉండేది. అందులో మాత్రం ఏదీ బతికేది కాదు. ఆ పట్టీ ఆంబ్రోస్ హోల్టర్‌మన్ చేతిపని.

ఆంబ్రోస్, నేనూ మఠం బడిలో ఎనిమిదేళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నాం. సిస్టర్ యూఫ్రేసియా రెండు రెళ్ళు నాలుగు అంటే, "మీకెవరు చెప్పారు సిస్టర్?" అని అడిగి అరచేతుల మీద దెబ్బలు తిన్నవాడు వాడు. పెద్దయ్యాక పేకాటకు కూర్చుంటే, తన ఇంట్లో తన పేకే అయినా, పంచేముందు యాభై రెండు ముక్కలూ లెక్కపెట్టేవాడు. పాల సీసా మీద తేదీ చూసి, వాసన చూసి, పిల్లికి పోసి, పిల్లి ముఖం చూసి అప్పుడు తాగేవాడు. పెళ్ళిలో ఫాదర్ "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అంటే "ఎందుకడుగుతున్నారు?" అన్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. అయినా నమ్మడానికి ఎవరూ కష్టపడలేదు.

అలాంటి మనిషి ఒక్కదాన్ని మాత్రం అనుమానించలేదు. అది కలుపుమందు డబ్బా.

మే నెలాఖరున, పోయినవాళ్ళను తలుచుకునే రోజున, అన్ని ఇళ్ళవాళ్ళూ పూలు పట్టుకుని శ్మశానానికి వస్తారు. ఆ రోజుకి రాళ్ళు శుభ్రంగా కనపడాలి. గడ్డి కోసే యంత్రం రాయి దగ్గరకు పోతే రాయి అంచు చెక్కుకుపోతుంది. అందుకని శ్మశానం బాగోగులు చూసే ఆంబ్రోస్ వీపున ట్యాంకు తగిలించుకుని, ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి, ఎండాకాలమంతా రెండు వారాలకోసారి, నాలుగు వందల పదకొండు రాళ్ళ చుట్టూ మందు కొట్టేవాడు. ట్యాంకు గొట్టం మెడ దగ్గర కారేది. ఒంటి మీదకి కారకుండా మెడకి చేతిరుమాలు చుట్టుకునేవాడు. రుమాలు తడిసిపోతే తిప్పి కట్టుకునేవాడు.

పోయిన ఏడాది ఈస్టర్‌కి ముందు ఉపవాసాల కాలంలో, శుక్రవారం చర్చి హాల్లో చేపల విందు దగ్గర, వాడి మెడ మీద బఠాణీ గింజంత గడ్డ చూసింది వాడి భార్య రోజెలా. నాలుగు శుక్రవారాలకి అది వాల్‌నట్ అంత అయింది. పక్క పట్నం ఆసుపత్రిలో సూది గుచ్చి ముక్క తీశారు. వారం తర్వాత డాక్టర్ చెప్పాడు: హాడ్జ్‌కిన్ లింఫోమా. మెడలో, చంకల్లో ఉండే గ్రంథులకు వచ్చే కాన్సర్. మరుసటి వారం గురువారం మందులు మొదలుపెడదామన్నాడు.

ఆ సాయంత్రమే రోజెలా, కలుపుమందు వల్ల కాన్సర్ వచ్చిందా అని టీవీ ప్రకటనలో అడిగే లాయరు నంబరుకి ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. నేను అక్కడే ఉన్నాను, వాళ్ళ బీట్‌రూట్ పచ్చడి తింటూ.

"కలుపుమందు కొట్టారు, లింఫోమా వచ్చింది. సరే అమ్మా, ఏ రకం?" అంది లాయరు ఆఫీసు ఆవిడ.

"హాడ్జ్‌కిన్ అన్నారు."

ఆవిడ కాగితాలేవో తిరగేసింది. "అది కాకుండా నాన్-హాడ్జ్‌కిన్ అయితే మేం తీసుకునేవాళ్ళం. కోర్టులో వాదించడానికి మా దగ్గరున్న పరిశోధనలు దాదాపు అన్నీ ఆ రకం గురించే. అవి చూపించినా కలుపుమందు కంపెనీ ఒప్పుకోదు. మీ రకంతో వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. పోనీ ఆ రిపోర్టు పంపండి, చూస్తాం."

ఆంబ్రోస్ ఫోన్ వైపు వంగాడు. "నువ్వు కంపెనీ మనిషివి కాదని నాకేంటి నమ్మకం?"

"నాకు గంటకి పద్దెనిమిది డాలర్లండీ. కంపెనీ అయితే ఇంకా ఎక్కువిచ్చేదేమో," అందావిడ.

ఫోన్ పెట్టేశాక రోజెలా వాడి వైపు తిరిగింది. "నలభై ఆరేళ్ళు కాపురం చేశాను. కాఫీలో ఏం కలిపావని రోజూ అడిగావు. ఫాదర్‌ని అనుమానించావు, పిల్లిని అనుమానించావు. విషాన్ని మాత్రం మెడకి చుట్టుకుని తిరిగావు కదయ్యా, మహానుభావా!"

"డబ్బా మీద పంట పొలం బొమ్మ ఉంది," అన్నాడు ఆంబ్రోస్. 

రిపోర్టు పంపాలి. కాని అసలు కాగితం పరాయివాళ్ళ చేతికి ఇవ్వకూడదని మాకు నేర్పింది సిస్టర్ యూఫ్రేసియా. జిరాక్స్ యంత్రమంటే ఆంబ్రోస్‌కి అది లోపల ఇంకో కాపీ దాచుకుంటుందని అనుమానం. అందుకని ఆదివారం పూజ అయ్యాక గీతల కాగితాలు, సిరా పెన్నూ తీసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. మా బడిలో కాపీ రాయడానికి ఒక పద్ధతి ఉంది. ఎడమచేతి వేలు మాట కింద పెట్టాలి. అర్థమైనా కాకపోయినా ఉన్నది ఉన్నట్టు దించాలి. ఒక్క మాట పోతే పేజీ మొత్తం మళ్ళీ రాయాలి. నాలుగు పేజీలు రాయడానికి వాడికి భోజనం నుంచి చీకటి పడేదాకా పట్టింది.

మొదటి పేజీలో పెద్దక్షరాల్లో జబ్బు పేరుంది. డాక్టరు చదివింది అదే, నర్సు చదివింది అదే, రోజెలా ఫోన్లో చెప్పింది అదే. నాలుగో పేజీ చివర, సంతకానికి పైన, చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి. తీసిన ముక్క చాలా చిన్నది. దీన్ని నాన్-హాడ్జ్‌కిన్ నుంచి కచ్చితంగా వేరుచేయాలంటే గడ్డ మొత్తం తీసి మరికొన్ని పరీక్షలు చేయాలి.

ఆంబ్రోస్ వేలు అక్కడ ఆగిపోయింది. నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, నా జబ్బు పేరు ఇంకా ఎవరికీ తెలీదురా! మొదటి పేజీ అబద్ధమాడుతోంది. నాలుగో పేజీ గుసగుసలాడుతోంది."

"గురువారం మందులంటున్నారు కదరా?"

"అదే మరి. ఏ జబ్బుకి?"

సోమవారం పొద్దున్నే డాక్టరు గదిలో ఆ చేతిరాత కాగితం బల్ల మీద పెట్టాడు. అక్షరాలు పెళ్ళి శుభలేఖలా ఉన్నాయి. డాక్టరు ఆ చివరి రెండు వాక్యాలూ చదివి, కంప్యూటర్లో అసలు కాగితం తెరిచి చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గురువారం మందులు ఆగిపోయాయి. పెద్ద పట్నం ఆసుపత్రిలో గడ్డ మొత్తం తీశారు. ఫలితం రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ రోజెలా రోజూ చర్చికి వెళ్ళింది. ఏమని ప్రార్థించాలో తెలియడం లేదని నాతో అంది. "మంచి కాన్సర్ ఇవ్వు స్వామీ అని ఎవరైనా అడుగుతారా అన్నయ్యా?"

వచ్చింది నాన్-హాడ్జ్‌కిన్. వేరే జబ్బు, వేరే మందులు. గురువారం మొదలై ఉంటే లేని జబ్బుకి వైద్యం జరిగి ఉండేది.

అంతే, మార్చిలో గుమ్మం దగ్గర ఆపిన లాయర్లు ఏప్రిల్‌లో గుమ్మం ముందుకు వచ్చారు. ప్రెస్నెల్ అనే ఆయన స్వయంగా కారేసుకుని వచ్చి, రోజెలా చేసిన సాసేజ్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"హోల్టర్‌మన్ గారూ, మీ కేసు చాలా బలమైంది."

"పోయిన నెల నా మెడ ఇదే, నా ట్యాంకు ఇదే. అప్పుడు బలం లేదేం?"

"అప్పుడు జబ్బు పేరు వేరండీ."

"నా జబ్బు అప్పుడూ ఇదే. మీరు విన్న పేరు వేరు." ఆంబ్రోస్ ఆయన ప్లేటు వైపు చూశాడు. "పెద్ద పట్నం ఆసుపత్రికి మీరేమైనా ఇచ్చారా?"

ప్రెస్నెల్ ముక్క మింగలేక నీళ్ళు అడిగాడు. కేసు కావాలనే ఆంబ్రోస్‌కి ఉంది. ఆ గోధుమరంగు పట్టీ తన మెడ దాకా ఎలా వచ్చిందో ఎవరో ఒకరు ప్రమాణం చేసి చెప్పాలని ఉంది. కాని తన తరఫున మాట్లాడేవాడు ఎందుకు మాట్లాడుతున్నాడో కూడా తెలియాలి వాడికి. లాయరుతో ఒప్పందం కాగితం మూడు వారాలు చదివి సంతకం పెట్టాడు.

అక్టోబరులో కలుపుమందు కంపెనీ తరఫు లాయరు ఆంబ్రోస్ వాంగ్మూలం తీసుకోవడానికి వచ్చింది. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. వచ్చేముందు రెండు రోజులు మా ఊరి బార్‌లో కూర్చుని అందరికీ బీరు పోయించింది. నాకు కూడా. మర్యాదస్తురాలనుకున్నాను.

రెండు గంటలు సిగరెట్ల గురించి, తాతల జబ్బుల గురించి అడిగింది. తర్వాత కాగితం తిప్పింది. "మీరు తాగేముందు పాలు పిల్లికి పోస్తారట, నిజమేనా?"

ఆంబ్రోస్ తల ఊపాడు. "నోటితో చెప్పండి," అంది. "నిజమే," అన్నాడు.

"మీ పెళ్ళిలో ఫాదర్‌ని కూడా ఎందుకడుగుతున్నారని అడిగారట?"

గోడ పక్కన కూర్చున్న నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"అది అబద్ధం," అన్నాడు ఆంబ్రోస్, నా వైపే చూస్తూ.

"ఇంత అనుమానం ఉన్న మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళు మెడ మీద కారిన మందుని అనుమానించలేదంటే ఎలా నమ్మమంటారు? ప్రమాదమని మీకు ముందే తెలుసు కదూ?"

ప్రెస్నెల్ పెన్ను ఆగిపోయింది. తెలుసు అన్నాడా, తెలిసే కొట్టావని కేసు కూలుస్తారు. తెలియదు అన్నాడా, ఊరంతా ఎరిగిన ఆంబ్రోస్ హోల్టర్‌మన్, పాలసీసాని నమ్మనివాడు, ఒక డబ్బా చేతిలో మోసపోయానని ప్రమాణం చేసి ఒప్పుకోవాలి. 

"నమ్మాను," అన్నాడు ఆంబ్రోస్. "నా జీవితంలో నేను నమ్మింది అదొక్కటే."

కేసు ఇంకా నడుస్తోంది. మెడ మీద గడ్డ తీసిన మచ్చ మిగిలింది. మందులు పనిచేస్తున్నాయని డాక్టరంటాడు. వాడు ఆ కాగితాలు కూడా నాలుగో పేజీ నుంచి మొదలుపెట్టి చదువుతాడు.

ఇదంతా రాసి, పోయిన ఆదివారం వాళ్ళ వసారాలో వాడికి చదివి వినిపించాను. డబ్బాని నమ్మాడన్న చోటికి రాగానే వాడి ముఖం ఎర్రబడింది.

"నేను నమ్మానా? ఒరేయ్, ఆ డబ్బా మూత తీసిన మొదటిరోజే నాకు..."

"ఆంబ్రోస్!" రోజెలా బీట్‌రూట్ గిన్నె బల్ల మీద ఠక్కున పెట్టింది. "కేసు ఉంది! ఆ మాట మాత్రం అనకు!"

వాడు కాగితాలు నా చేతిలోంచి లాక్కుని, చివరి పేజీ చూసి, సంతకం ఉందేమోనని వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ నాకే ఇచ్చేశాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం కాదు. వీడెవడో నాకు తెలీదు. మఠం బడి మొహం నేనెప్పుడూ చూడలేదు. మా ఇంట్లో పిల్లి లేదు. నా జన్మలో నేనెవర్నీ అనుమానించలేదు. రాసుకో."