లిల్లీ చేతికి పట్టని టీకా

మా చిన్నప్పుడు సిరిసిల్లలో, మా నేతగాళ్ల గల్లీలోకి మశూచి టీకాలాయన వచ్చాడంటే చాలు... పిల్లలమంతా మగ్గం గుంటల్లో దూరేవాళ్లం. ఆయన ఒక్కొక్కరి రెక్క పట్టి బయటికి లాగి, చేతి మీద మందు చుక్క పెట్టి, సూదుల బిళ్లను గిర్రున తిప్పేవాడు. నాలుగు రోజులకు పొక్కు లేచేది. జ్వరం... వారం దాకా చెయ్యి ఎత్తలేకపోయేవాళ్లం.

దీనికి మా గల్లీలో ఒక విరుగుడు ఉండేది. టీకాలాయన మూల తిరగగానే, నూలుకు పెట్టే గంజిలో గుడ్డ ముంచి ఆ చోట గట్టిగా తుడిచేయడమే. పొక్కూ లేదు, జ్వరమూ లేదు. ఈ వైద్యానికి నేనే డాక్టరమ్మను. అప్పటికి తొమ్మిదేళ్లు, మూడో తరగతి రెండోసారి చదువుతున్నాను... అయినా పిల్లల్ని వరుసగా నిలబెట్టి దర్జాగా తుడిచేదాన్ని. ఫీజు గుప్పెడు రేగుపళ్లు.

మా పక్క వాటాలో మిషను బడి సారు ఉండేవాడు, యోహాను సారు. భార్య రూతమ్మ, నాలుగేళ్ల కూతురు లిల్లీ. సారుకు ఆఫ్రికాలో ఒక బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ముగ్గురూ బొంబాయి వెళ్లి ఓడ ఎక్కాలి. సామానంతా తలా ఒకరికి ఇచ్చేశారు. వాళ్ల నులక మంచం మా ఇంటికి వచ్చింది.

లిల్లీ నా చంక దిగేది కాదు.

"అక్కా, ఓడల నువ్వు గూడ వస్తవా?"

"నేనొస్తే ఓడ మునుగుతది, పోవే" అనేదాన్ని.

ఓడ ఎక్కాలంటే టీకా వేయించుకున్నట్టు కాగితం కావాలట. పెద్దవాళ్లిద్దరికీ చిన్నప్పుడే టీకా పడింది కాబట్టి ఇబ్బంది లేదు. లిల్లీకి మాత్రం అదే మొదటి టీకా. అంతకుముందు టీకాలాయన వచ్చినప్పుడల్లా వాళ్ల అమ్మమ్మ కొంగు చాటున దాచేసేదట. సారు ఆయన్ని ఇంటికే పిలిపించి వేయించాడు. ఎనిమిదో రోజు వచ్చి పొక్కు చూసి, టీకా పట్టిందని ఆయన రాసిస్తేనే కాగితం. ఆ సంగతి నాకు తెలియదు... తెలిస్తే ఆగేదాన్నని ఇప్పుడు కూడా ఒట్టు వేసి చెప్పలేను.

లిల్లీ ఏడుస్తూ మా ఇంట్లోకి వచ్చింది. నా నోరు ఊరుకుంటుందా...

"అయ్యో లిల్లీ! రేపటికల్ల గీ చేతులకెళ్లి పురుగులెళ్తయే. నిన్ను జూసి ఓడల ఉన్నోళ్లందరు సముద్రంల దుంకుతరు."

పిల్ల గుక్కపట్టింది. నేను పడీ పడీ నవ్వి, గంజి గుడ్డతో తుడిచాను. "ఇగ ఏం గాదు. మీ అమ్మకు జెప్పినవో, నాలిక మీద లేస్తయి పురుగులు" అని బెదిరించి పంపాను.

సారు ఆ వారమంతా కాగితాల కోసం కరీంనగర్, హైదరాబాదు తిరుగుతున్నాడు. రూతమ్మేమో బావి దగ్గర ఒకటే సంబరం. "నా బిడ్డకు జరమన్న రాలే సూడున్రి. ప్రభువు దయ." నేను బొక్కెన చాటున మూతి మూసుకుని నవ్వుకున్నాను.

ఎనిమిదో రోజు టీకాలాయన వచ్చి, లిల్లీ చెయ్యి వెలుగుకు తిప్పి చూశాడు.

"టీకా పట్టలే సారూ. మల్ల ఎయ్యాలె, మల్ల ఎనిమిది దినాలు సూడాలె."

"ఎల్లుండి మేము బండెక్కాలె గదయ్యా!"

"లేవని పొక్కును లేసిందని ఎట్ల రాయాలె సారూ? ఎవలో తుడిసిన్రు దీన్ని."

రూతమ్మ కూతురి రెక్క పట్టుకుంది. "ఎవలే తుడిసింది?"

లిల్లీ వేలు నా వైపు లేచింది. "అక్క."

అందరి కళ్లూ నా మీదే.

"నేనా? నేను ముట్టనన్న ముట్టలే. అదే గోడకు రుద్దుకున్నది... నా కండ్లతోని జూసిన."

"చేసిందంత చేసి, పైగ అబద్ధాలా?" అంటూ రూతమ్మ లిల్లీని రెండు దెబ్బలు వేసింది. జీవితంలో ఆ పిల్ల మీద పడిన మొదటి దెబ్బలట అవి. లిల్లీ వెంటనే ఏడవలేదు. నన్నే చూసింది... నేను ఇంకేదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు.

నేను మెల్లగా మా గడపలోకి జారుకున్నాను.

అక్కడ బడి తెరిచే రోజు సారు కోసం ఆగదు కదా. ఆయన ఒక్కడే వెళ్లాడు. బస్సు వెళ్లిపోయాక లిల్లీ గల్లీలో ప్రతి గడపకూ వెళ్లి ఎడమ చెయ్యి చూపించింది. "నా చెయ్యి మంచిగ లేదట. గందుకే బాపు తోల్కపోలే."

మా గడపకు మాత్రం రాలేదు.

ఇంకో ఓడలో చోటు దొరకడానికి నెలన్నర పట్టింది. అన్నాళ్లూ ఆ ఖాళీ ఇంట్లో తల్లీ కూతుళ్లు చాప మీద పడుకున్నారు. వాళ్ల మంచం మీద నేను. రెండో టీకా పట్టింది, జ్వరం కాసింది. గుప్పెడు రేగుపళ్లు తీసుకుని చూడ్డానికి వెళ్తే, లిల్లీ ఆ చెయ్యి వీపు వెనక దాచుకుంది.

వెళ్లే రోజు రూతమ్మ నా తల నిమిరింది. "మంచిగ సదువుకో బిడ్డా. లిల్లీ నీ మీద అబద్ధం జెప్పింది, మనసుల పెట్టుకోకు." ఊరందరినీ ఏడిపించే నేను బుద్ధిగా తలూపాను. పనికొచ్చే ఒక్క మాట కోసం నోరు తెరవాల్సిన రోజది.

ఇప్పుడు టీకా కాగితం ఫోన్‌లో ఉంటోంది. తండ్రి దేశం దాటినా, పిల్ల సాయంత్రానికి ఆయన మొహం చూస్తోంది. లిల్లీ మాత్రం వాళ్ల బాపును మళ్లీ చూసేదాకా తన చెయ్యి చెడ్డదనే అనుకుని ఉంటుంది... ఆ తర్వాత కూడా అనుకుందేమో, నాకు తెలియదు. వాళ్ల జాడ మళ్లీ తెలియలేదు.

తుడిచింది నేనే. ఇంతమందికి చెబుతున్నాను గానీ, వినాల్సిన ఆ తల్లీ కూతుళ్లిద్దరూ ఇక్కడ లేరు. మీ బదులు దెబ్బ తిన్నవాళ్లు మీకూ ఒకరు ఉండే ఉంటారు... వాళ్ల నంబరు మీ దగ్గర ఉంటే ఈ పోస్టు కింద కామెంట్లేం రాయకండి. ముందు వాళ్లకు ఫోన్ చేయండి. నంబరు లేనివాళ్లే నాలాగా ఇక్కడ రాయండి.