వానలో చెయ్యి కనబడే లాప్‌టాప్

క్రేను డ్రైవరు కూర్మయ్యకు ఎత్తంటే భయం లేదు. ఇరవై రెండేళ్ళుగా కలకత్తా ఓడరేవు డాకులో, నేల మీద మనుషులు చీమల్లా కనబడేంత ఎత్తున, రేకుల గదిలో కూర్చుని ఓడల్లోకి సరుకు దించుతున్నాడు. గాలివానకు ఆ గది ఊగిపోతుంటే అందులోనే కూర్చుని జంతికలు నమిలిన ఘటం. అలాంటివాడు రెండువేల తొమ్మిదిలో షెడ్డు గోడకు అంటించిన ఒక కాగితం చూసి వణికిపోయాడు.

కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలే. కొత్త క్రేన్లు వస్తున్నాయి. వాటి మీద కూర్చోవాలంటే కంప్యూటరు ముందు పరీక్ష నెగ్గాలి. తెర మీద బొమ్మ ఓడ, బొమ్మ క్రేను, బొమ్మ సరుకు ఉంటాయి. నెగ్గనివాళ్ళు కిందికి దిగి బస్తాల ముఠాలో చేరాలి. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, అరిగిపోయిన మోకాళ్ళతో, వీపు మీద బస్తా! యూనియన్ ఆఫీసుకు పరిగెత్తాడు. ఎర్రజెండా కింద కూర్చున్న నాయకుడు టీ ఇప్పించి, "నేర్చుకో దాదా, కాలం మారింది" అన్నాడు. కంప్యూటర్లు వద్దని వీళ్ళందరి చేత ఊరేగింపులు చేయించిన పెద్దమనిషి ఆయనే.

పరీక్ష పెట్టేది శ్యామసుందర్ అనే ఇంజనీరు, విశాఖపట్నం వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. తెలుగువాడని తెలిసి కూర్మయ్యకు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఆయన కూర్మయ్యకు ఏ మీట నొక్కితే ఏమవుతుందో రెండు రోజులు చూపించి, ఒక సీడీ చేతిలో పెట్టాడు.

"పరీక్షలో వచ్చేది ఇదేనండీ కూర్మయ్య గారూ. ఏదైనా కంప్యూటర్‌లో వేసుకుని నెల రోజులు సాధన చేయండి. చివర్లో వానలో సరుకు దించమంటుంది. అందరూ తప్పుతున్నది అక్కడే."

వాన అన్న మాట వినగానే కూర్మయ్య ఆ సీడీని తిరిగి ఇచ్చేయబోయాడు.

పైన కూర్చున్న డ్రైవరుకు ఓడ కడుపులో ఏముందో కనబడదు. సరుకు దిగే నోటి అంచున ఒక మనిషి నిలబడి లోపలికీ పైకీ చూస్తూ చేత్తో సైగ చేస్తాడు. అరచెయ్యి కిందికి ఊపితే దించాలి. పిడికిలి బిగించి ఎత్తితే ఆపాలి. డ్రైవరుకు కళ్ళు ఆ చెయ్యే. కూర్మయ్యకు ఏడేళ్ళపాటు ఆ చెయ్యి బైరాగిది. ఇద్దరిదీ సోంపేట దగ్గర ఒకే ఊరు, ఇద్దరూ ఉండేది డాకు పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే సందు. పదిహేనేళ్ళ కిందట ఒక శ్రావణమాసపు వానలో బస్తాల వల ఊగుతూ దిగి, బైరాగి ఎడమ కాలిని ఓడ ఇనప అంచుకేసి నలిపేసింది. తాను పిడికిలి ఎత్తాననీ, వానలో పైనున్న కూర్మయ్యకు అది కనబడి ఉండదనీ బైరాగి విచారణలో రాయించాడు. ఎవరి తప్పూ లేదని కాగితాలు మూసేశారు. బైరాగికి గేటు దగ్గర చీట్లు చూసే పని ఇచ్చారు.

కూర్మయ్య మాత్రం ఆ రోజును మూయలేకపోయాడు. ఎవరితోనూ అనని మాట ఒకటి ఆయన గుండెల్లో ఉండిపోయింది. ఆయన భార్య జగ్గమ్మ ప్రతి ఆదివారం చేపల పులుసు పొయ్యి మీంచి దించగానే తొలి గిన్నె బైరాగి ఇంటికి పంపేది. ఆ గిన్నె పట్టుకెళ్ళిన ప్రతిసారీ, ఈసారి ఆ వాన సంగతి అడుగుతాడేమోనని కూర్మయ్యకు భయం. బైరాగి ఏనాడూ అడగలేదు.

ఇంటర్నెట్ కొట్లవాళ్ళు ఆ సీడీ తమ కంప్యూటర్లలో వేయనివ్వమన్నారు. కొత్త లాప్‌టాప్ కొనే తాహతు లేదు. పాతది చూద్దామని కూర్మయ్య, వాడేసిన కంప్యూటర్లు అమ్మే చాందినీ మార్కెట్‌కు బయల్దేరాడు. బి.కాం. చదువుతున్న కూతురు అరుంధతి వెళ్ళేముందు పాఠం చెప్పింది. "నాన్నా, ప్రాసెసర్ అంటే దాని మెదడు. అది గట్టిదైతే మిగతావి ఎలాగున్నా పరవాలేదు. మా ఫ్రెండ్స్ అందరూ అదే చూసి కొన్నారు." బైరాగి కర్ర ఊనుకుంటూ వెంటబడ్డాడు. "సైగ సంగతి నాకంటే ఎవడికి తెలుస్తాదిరా? నానూ వస్తాను," అన్నాడు. వద్దనడానికి కూర్మయ్యకు నోరు రాలేదు. బైరాగి పక్కన కూర్చుని చూస్తుండగా బొమ్మ వానలో బొమ్మ సరుకు దించాలి. ట్రాములో కూర్చున్నంతసేపూ ఆయన బైరాగి మొహం వైపు చూడలేదు.

హారాధన్ బాబు కొట్టు మేడమీద, మెట్ల మలుపులో ఉంది. విప్పేసిన కంప్యూటర్ల మధ్య ముగ్గురికి కష్టంగా చోటు. రెండు లాప్‌టాప్‌లు బల్ల మీద పెట్టాడు. రెండింటి ధరా ఒకటే.

"ఈ నల్లది చూడు దాదా. ప్రాసెసర్ కొత్త రకం, గుర్రంలా పరిగెడుతుంది. దీనికి వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, బొమ్మల పని కూడా ప్రాసెసరే చూసుకుంటుంది. ఈ బూడిదరంగుది పాత ప్రాసెసర్, మెల్లగా నడుస్తుంది. కానీ ఇందులో బొమ్మలు గీయడానికే వేరే కార్డు ఉంది. ఎవరో ఆటలు ఆడేవాడు అమ్మేసి పోయాడు. నీ వయసువాడికి ఆటలెందుకు? నల్లది పట్టుకుపో."

నల్లదాన్లో సీడీ వేస్తే టకటకా తెరుచుకుంది. బొమ్మ డాకు, ఎండ, ఖాళీ కొక్కెం. కూర్మయ్య రెండు వేళ్ళతో మీటలు నొక్కాడు. కొక్కెం చెప్పినట్టు విని లేచింది, దిగింది. హారాధన్ బాబు అప్పుడే బిల్లు పుస్తకం తీశాడు.

"ఆగండి దాదా," అన్నాడు కూర్మయ్య. "ఇంకా బరువు ఎత్తలేదు."

ఎంత తొందరున్నా డాకులో ఏ డ్రైవరూ ఎత్తిన సరుకును నేరుగా పైకి లాగడు. నేల మీంచి బెత్తెడు ఎత్తి ఆపుతాడు. తాడు బిగిసిందా, ముడి జారుతోందా, బరువు ఒక పక్కకు ఒరుగుతోందా అని చూసుకున్నాకే మిగతా ఎత్తు. ఖాళీ కొక్కేన్ని చూసి క్రేను మంచిదని చెప్పేవాణ్ణి అక్కడ మనిషిగా లెక్కేయరు. కూర్మయ్య బొమ్మ బస్తాల వల తగిలించి బెత్తెడు ఎత్తి ఆపాడు. బాగానే ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. ఆయన వాన మీట నొక్కాడు.

తెరంతా వాన పడింది. ఓడ తడిసి మెరిసింది. నోటి అంచున పసుపు టోపీ బొమ్మ మనిషి అరచెయ్యి ఊపుతున్నాడు. కూర్మయ్య దించసాగాడు. ఉన్నట్టుండి ఆ చెయ్యి గాలిలో ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోయింది. వాన చుక్కలు కూడా ఆగిపోయాయి. కూర్మయ్య వేలు మాత్రం మీట మీదే ఉంది. మళ్ళీ బొమ్మ కదిలేసరికి పిడికిలి ఎప్పుడు లేచిందో లేచే ఉంది, వల ఎప్పుడు దిగిందో దిగే ఉంది. పసుపు టోపీ దాని కిందకు పోయింది.

కూర్మయ్య కేక పెట్టి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. హారాధన్ బాబు పకపకా నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు. బైరాగి చచ్చుబడ్డ మోకాలి మీద చెయ్యి వేసుకుని తెర వైపే చూస్తున్నాడు.

"రెండోది పెట్టండి," అన్నాడు కూర్మయ్య కుర్చీ ఎత్తి నిలబెడుతూ.

బూడిదరంగుది తెరుచుకునే లోపల హారాధన్ బాబు టీ తెప్పించడం, ముగ్గురూ తాగడం, మట్టి భాండ్లు పారేయడం కూడా అయిపోయాయి. పనిలో పనిగా ఆయన పాత ప్రాసెసర్ల బద్ధకం మీద నాలుగు మాటలన్నాడు. ఇంతలో డాకు వచ్చింది, బరువు లేచింది, వాన పడింది. పసుపు టోపీ చెయ్యి ఊపింది, ఊపింది, పిడికిలి బిగించింది. ఆ క్షణానే ఆయన వేలు ఆగింది, వల ఆగింది.

"ఇది చాలు దాదా."

"ఇంత మెల్లది తీసుకుని తరవాత నన్ను తిట్టకు."

"మెల్లగా తెరుచుకుంటే కూర్చుంటాను. మనిషిని ఆలస్యంగా చూపిస్తే మాత్రం నాకు వద్దు."

మెట్లు దిగుతూ బైరాగి మలుపులో ఆగిపోయాడు. కాలు నొప్పేమోనని కూర్మయ్య భుజం పట్టబోతే ఆ చేతిని తోసేశాడు.

"ఒరే కూర్మా, ఓ మాట సెప్పాలిరా. ఆవేళ వానలో నాను సెయ్యి ఎత్తనేదు."

కూర్మయ్యకు అర్థం కాలేదు.

"కళ్ళల్లో నీళ్ళు పడితే మొకం తిప్పి తుడుసుకున్నాను. తిరిగి సూసేసరికి వల నా మీదకొచ్చీసింది. తప్పు నాదని తేలితే గేటు కాడ ఉజ్జోగం కూడా ఇవ్వరని బయపడి, పిడికిలి ఎత్తేనని రాయించీసేను. పదైదేళ్ళ బట్టి నీ ఇంటి పులుసు తింటన్నాను. ఏ ఆదివారం నువ్వు అడిగెస్తావోనని, నువ్వు వచ్చినప్పుడల్లా నాకు ముద్ద దిగదు."

కూర్మయ్యకు ముందు ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళ పులుసు కక్కించాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం రెండు మెట్లు దిగేలోపే నీరుగారిపోయింది, ఎందుకంటే ఆయన గుండెల్లోదీ బయటికి రావడానికి తన్నుకుంటోంది. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు నువ్వు కనబళ్ళేదన్నా. నీ సెయ్యే కాదు, నువ్వే కనబళ్ళేదు. కనబళ్ళేదని తెలిసే దించీసేను. ఆపాలనుకుంటే ఏదోలాగ సూపిస్తావులే అనుకున్నాను."

బైరాగి ఆయన మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాడు కూర్మయ్య. కర్రతో కొట్టినా పడదామనుకున్నాడు.

"మనిషి కనబడకపోతే ఆపీయాలిరా," అన్నాడు బైరాగి, కూర్మయ్య పనిలో చేరిన రోజున సైగలు నేర్పినంత నెమ్మదిగా. తరవాత కర్ర ఊనుకుంటూ మెట్లు దిగాడు.

ఆ ఆదివారం జగ్గమ్మ ఎప్పటిలాగే గిన్నె నింపింది. ఏమైందో ఆమెకు తెలియదు. కూర్మయ్య ఒక చేత్తో గిన్నె, చంకలో లాప్‌టాప్ పట్టుకుని బైరాగి ఇంటికి వెళ్ళాడు. నెల రోజులూ సాధనకు అలాగే వెళ్ళాడు. భయం పోయిందా అంటే పోలేదు. ఇన్నాళ్ళూ తనను జాగ్రత్తగా ఉంచింది ఆ భయమేననీ, ఇప్పుడది సడలితే చెయ్యి కూడా సడలుతుందేమోననీ కొత్త భయం పట్టుకుంది.

పరీక్ష రోజున బైరాగి బయట వరండాలో కూర్చున్నాడు. ముందు వెళ్ళిన అయిదుగురూ తల వేలాడేసుకుని వచ్చారు. కూర్మయ్య లోపలికి వెళ్ళి తెర ముందు కూర్చున్నాడు. ఎండలో దించడం గట్టెక్కింది. వాన మొదలైంది. పసుపు టోపీ అరచెయ్యి ఊపుతోంది. సగం దించాడో లేదో తెర బిగుసుకుపోయింది, అచ్చం చాందినీలో నల్లదానిలాగే. ఆ గదిలోని కంప్యూటరుకు కూడా అంత వాన గీసే శక్తి లేదని కూర్మయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

పిడికిలి ఇంకా లేవలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు. కూర్మయ్య మీట మీంచి వేలు తీసేశాడు.

కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. బొమ్మ కదిలింది. పసుపు టోపీ పిడికిలి ఎత్తి నిలబడి ఉంది. వల వాడి తల మీద నిలువెత్తు దూరంలో ఆగి మెల్లగా ఊగుతోంది.

శ్యామసుందర్ కాగితం మీంచి తలెత్తాడు. "మీరు సైగకు ముందే ఆపారండీ. ఇంతవరకూ ఎవరూ అలా ఆపలేదు. ఎందుకాపారు?"

కూర్మయ్య లేచి నిలబడ్డాడు. తెరిచి ఉన్న తలుపులోంచి వరండాలో కర్ర, దాని పక్కన చాపిన ఎడమ కాలు కనబడుతున్నాయి.

"మనిషి కనబళ్ళేదు బాబూ," అన్నాడు. "ఆపీసేను."