డ్యూటీ పెట్టె

వైద్య కళాశాల రెండో అంతస్తు చివర ఒక చిన్న గది ఉంది. గదిలో ఒక మంచం, పక్కన ఒక స్టూలు, గోడకి ఒక కెమెరా, మంచంమీద ఒక మనిషి. ఆ మనిషికి ఏ రోగమూ లేదు. అయినా తొమ్మిదేళ్లుగా అదే మంచంమీద గుండె పట్టుకుని మూలుగుతున్నాడు.

నిజానికి ఆయన ఆ విభాగంలో అటెండరు. తొమ్మిదేళ్ల కిందట ఒక పరీక్షరోజున వార్డునుంచి రప్పించిన అసలు రోగి, తెల్లకోట్లు వేసుకున్న ముప్పైమందిని ఒక్కసారిగా చూసి, వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. విభాగాధిపతి మేడమ్ అటూ ఇటూ చూసి, "నువ్వు పడుకోవయ్యా. గుండెనొప్పని చెప్పు చాలు" అన్నారు. పడుకున్నాడు. ఆ పడుకోవడం పడుకోవడం మళ్లీ పూర్తిగా లేచిందే లేదు. రోగిని ప్రశ్నలడిగి రోగం కనిపెట్టడం నేర్చుకునే పిల్లలందరికీ ఆయనే మొదటి రోగి. "గుండెనొప్పి బాబాయ్" అన్న పేరు స్థిరపడిపోయింది.

ఇంట్లో కుట్టుమిషను ముందు కూచునే ఆయన భార్య మాత్రం దీన్ని ఉద్యోగమని ఒప్పుకోదు.

"లోకంలో అందరూ పనికెళ్లి అలిసిపోయి పడుకుంటారు. మా ఆయన పడుకోడానికే పనికెళ్తారు" అంటుంది బట్టలిచ్చి పోయేవాళ్లతో.

ఆమెకేం తెలుసు ఆ పనిలోని కష్టం? మేడమ్ ఇచ్చిన కేసు కాగితంలో ఇలా ఉంటుంది: రోగికి ఛాతీలో నొప్పి, రోజుకి పది సిగరెట్లు, ఆ సంగతి దాస్తాడు. చివరి మాటమీదే బాబాయ్ తన విద్యంతా చూపించాడు. ఒకసారి అడిగితే "ఛ ఛ" అంటాడు. రెండోసారి అడిగితే నొచ్చుకుంటాడు. మూడోసారి, అదీ మనసు తెలుసుకుని అడిగినవాళ్లకే చెబుతాడు. అడగందే అమ్మయినా పెట్టదు. ఒక్కసారి అడిగితే బాబాయ్ కూడా పెట్టడు. చురుకైనవాళ్లు కనిపెట్టడానికి వీలుగా చొక్కా జేబులో ఒక సిగరెట్టు పెట్టె కాస్త బయటికి కనబడేలా పెట్టుకుంటాడు.

ఇక్కడే చిన్న రహస్యం ఉంది. సిగరెట్లు మానేస్తానని బాబాయ్ మూడేళ్ల కిందట భార్యకి మాటిచ్చాడు. ఆ తర్వాత బట్టలు ఉతుకుతూ ఆమె జేబులోంచి పెట్టె తీసి నిలదీస్తే, "అది ఆఫీసు సామానోయ్. డ్యూటీ పెట్టె" అన్నాడు. అప్పటినుంచీ ఆ ఇల్లాలు చొక్కా ఉతికే ముందు దాన్ని తీసి, తుడిచి, పోతే ఎక్కడ సంజాయిషీ అడుగుతారో అని బీరువాలో పెడుతూ వచ్చింది. మళ్లీ పొద్దున్నే గుర్తుచేసి మరీ ఇచ్చేది. అంత నమ్మకాన్ని చూసి బాబాయ్‌కి అప్పుడప్పుడు నిజంగానే గుండెలో కలుక్కుమనేది.

ఇలా సాగుతుండగా పిల్లల ఫోన్లలోకి ఇంకో రోగి దిగాడు. ఏఐ రోగి. ఫోనులో అడిగితే ఫోనులోనే జవాబు చెబుతాడు. హాస్టల్లో, బస్సులో, క్యాంటీన్ వరసలో, ఎక్కడపడితే అక్కడ గుండెనొప్పి తెచ్చుకుంటాడు.

ఒకరోజు మేడమ్ కాగితాల కట్ట బాబాయ్ చేతికిచ్చారు. "చదువులో ఏఐ వాడకం గురించి పిల్లల అభిప్రాయాలు రాయించి పట్రా. ఎక్కువమంది ఏఐ రోగే చాలంటే నిన్ను రికార్డు గదికి పంపిస్తా. నీకూ వయసవుతోంది, ఎన్నాళ్లని పడుకుంటావు?"

రికార్డు గది అంటే కిందంతస్తు. కిటికీ లేదు, పిల్లలు రారు, ఎవరూ బాబాయ్ అని పిలవరు. తన తీర్పు కాగితాల్ని తనే పంచి, తనే పోగుచేసుకోవాల్సి వచ్చింది పాపం.

పోగుచేసినవాడు చదవకుండా ఉంటాడా? కాగితాలమీద పేర్లు లేవు కదా అని ధైర్యం చెప్పుకుని, తలుపు వేసుకుని, మంచంమీద కూచుని ఒక్కొక్కటీ చదివాడు.

"ఏఐ పదిసార్లు అడిగినా విసుక్కోదు. ప్రొఫెసర్లు ఒకటోసారికే విసుక్కుంటారు." ఇది నిజమేననుకున్నాడు.

"తప్పు చెప్పినా ఎంత ధీమాగా చెబుతుందంటే, మా సీనియర్లు గుర్తొస్తారు." నవ్వుకున్నాడు.

"దానివల్ల పుస్తకం తెరవడం మానేశాను. దయచేసి ఎవరైనా ఆపండి." ఆ కాగితం పైన పెట్టాడు.

"ఏఐ రోగి మా మీద దగ్గడు." దీన్ని అడుగున పెట్టాడు.

ఆఖరి కాగితం దగ్గర మాత్రం ఆగిపోయాడు. "మొదటిసారి బాబాయ్ దగ్గరికి వెళ్లినప్పుడు కంగారులో స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోవడం మర్చిపోయి, నిమిషంసేపు గుండె విన్నాను. బాబాయ్ గట్టిగా నవ్వారు. గదంతా నవ్వింది. అప్పట్నించీ ఫోనుతో నేర్చుకుంటున్నాను. అది నవ్వదు. నలభైసార్లు చేశాను. ఇప్పుడు భయం తగ్గింది."

బాబాయ్‌కి ఆ అమ్మాయి గుర్తొచ్చింది. అప్పుడు నవ్వినమాట వాస్తవం. పైగా ఆ కబురు ఇంట్లో చెప్పి భార్యనీ నవ్వించాడు. ఆ కాగితాన్ని పైనా పెట్టలేక, కిందా పెట్టలేక, చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూచున్నాడు.

లెక్క చూస్తే చెరిసగం వచ్చింది. దాంతో మేడమ్ పరీక్ష పెట్టారు. ఏఐతో బాగా సాధన చేసిన పన్నెండుమంది ఒకరి తర్వాత ఒకరు బాబాయ్‌ని ప్రశ్నలడగాలి. అయిపోయినవాళ్లు పక్కగదిలో కూచుని మిగతావాళ్లని టీవీలో చూడాలి. బాబాయ్ దగ్గర వాళ్లు కొత్తగా నేర్చుకునేదేమీ లేకపోతే ఇక రికార్డు గదే. "రోగి భార్య కూడా ఉంటే బాగుంటుంది. మీ ఆవిడని రమ్మను" అన్నారు.

పరీక్షకి ముందురోజు బాబాయ్ క్లాస్ లీడర్ని బతిమాలి ఫోను తీసుకున్నాడు. పగవాడి బలం తెలుసుకోవాలి కదా.

"సిగరెట్లు తాగుతారా?" అనడిగాడు గొంతు సవరించుకుని.

"అవునండీ. పద్దెనిమిదేళ్లుగా రోజుకి పది తాగుతున్నాను" అంది ఫోను.

బాబాయ్ ఫోనుని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "ఇంట్లో తెలుసా?"

"తెలుసండీ. మా ఆవిడ నన్ను ఎంతో అర్థం చేసుకుంటుంది."

"వీడికి పెళ్లి కాలేదు బాబూ" అంటూ ఫోను తిరిగిచ్చేశాడు.

పరీక్షరోజు భార్య ఇస్త్రీ బట్టల్లో, కొత్త చెప్పుల్లో వచ్చి స్టూలుమీద కూచుంది. ఆమెకి చెప్పిందల్లా ఒక్కటే: ఏమడిగినా "నాకేం తెలీదు బాబూ" అనాలి.

మొదటి కుర్రాడు వచ్చాడు. కాగితంలోంచి తల ఎత్తకుండా గడగడా అడిగాడు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు. "సిగరెట్లు?"

"ఛ ఛ" అన్నాడు బాబాయ్.

టిక్కు పెట్టి వెళ్లిపోయాడు. రెండోవాడూ అంతే. అయిదో అమ్మాయి భార్యవైపు తిరిగి అడిగింది. చెప్పమన్న మాట గాలికొదిలేసి, "మూడేళ్ల కిందటే మానేశారమ్మా. నాకు మాటిచ్చారు" అందామె గర్వంగా. బాబాయ్ నిజంగానే గుండె పట్టుకున్నాడు. నటన అద్భుతంగా ఉందని అయిదో అమ్మాయి రాసుకుంది.

పదకొండుమంది అయ్యారు. పదకొండుమందీ ఒక్కసారే అడిగి వెళ్లిపోయారు. జేబులో పెట్టె ఎవరికీ కనపళ్లేదు.

పన్నెండోది స్టెతస్కోపు అమ్మాయి. బాబాయ్ ఆమె ముఖం చూడలేక కిటికీవైపు చూశాడు. ఆమె భార్యతో, "అమ్మా, మీరు కాసేపు బయట కూచుంటారా? ఈయనతో ఒంటరిగా మాట్లాడాలి" అంది. భార్య లేచి వెళ్లింది. ఆ అమ్మాయి స్టూలు దగ్గరికి జరుపుకుని కూచుంది. చేతిలో కాగితం లేదు.

"సిగరెట్లు తాగుతారా బాబాయ్?"

"ఛ ఛ."

"ఈమధ్య మానేశారా?"

"ఏంటమ్మా, చెబితే నమ్మవా?" నొచ్చుకున్నాడు.

ఆమె జేబులో పెట్టె చూసింది. దాని గురించి అడగలేదు. ఆయన కుడిచెయ్యి మెల్లగా తన చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. రెండు వేళ్ల చివర్లు పసుపుగా ఉన్నాయి.

"జేబులో పెట్టె ఎవరైనా పెట్టుకోవచ్చు బాబాయ్. వేళ్లకి రంగు ఎవరూ వేసుకోరు. నేను తిట్టను, నవ్వను. ఎన్ని?"

కేసు కాగితం ప్రకారం పది అనాలి. కానీ ఆ 'నవ్వను' అన్న మాట ఎక్కడ తగిలిందో తగిలింది. కేసు కాగితం, కెమెరా, రికార్డు గది, అన్నీ మర్చిపోయాడు.

"నాలుగమ్మా" అన్నాడు చిన్నగా. "మేడమీద నీళ్ల ట్యాంకు వెనకాల. మూడేళ్లనుంచి మానాలనే చూస్తున్నా. మా ఆవిడకి చెప్పకు తల్లీ. రోజూ పొద్దున్నే తుడిచి మరీ ఇస్తుంది." ఆమె మెడలోని స్టెతస్కోపువైపు చూసి, "ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు.

"నాకూ నవ్వొచ్చేదే బాబాయ్, ఆ పని చేసింది నేను కాకపోయుంటే" అందా అమ్మాయి.

బయట కూచోమంటే భార్య వరండాలోనే ఉంటుందనుకున్నాడు బాబాయ్. కానీ ఆమె ఒక్కతే నిలబడి ఉండటం చూసి మేడమ్ మర్యాదగా పక్కగదిలోకి పిలిచి, టీవీకి ఎదురుగా ముందువరసలో కూచోబెట్టారు.

బాబాయ్ ఆ గదిలోకి అడుగుపెట్టేసరికి అందరూ తలదించుకుని నవ్వాపుకుంటున్నారు. భార్య మాత్రం తల ఎత్తే ఉంది. తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అందుకేనా, ట్యాంకు నిండిందో లేదో ఎప్పుడూ నేనే చూసొస్తానంటావు?" అన్నారు మేడమ్. "సరే, కేసులో పదని ఉంటే నాలుగన్నావేం?"

"ఈయన నాలుగంటే ఎనిమిదనుకోవాలి మేడమ్" అంది భార్య.

ఇక నవ్వు ఎవరివల్లా ఆగలేదు. క్లాస్ లీడర్ ఉక్రోషంగా లేచాడు. "మేడమ్, రోగే అబద్ధం చెబితే మా తప్పెలా అవుతుంది? ఏఐ అయితే నిజం చెప్పేది."

"ఏఐకి భార్య లేదు బాబూ" అంది బాబాయ్ భార్య. "నేను పక్కనుండగా అడిగితే ఈయన నిజమెలా చెబుతారు? ఆ అమ్మాయి నన్ను బయటికి పంపింది చూడు."

మేడమ్ పెన్ను మూసేశారు. "ఫోనుతో భయం పోగొట్టుకోండి, తప్పులేదు. ఆ తర్వాత బాబాయ్ దగ్గరికి రండి. రికార్డు గదికి ఇంకెవరినైనా చూస్తాను."

మంచం దక్కినందుకు సంతోషించే వ్యవధి కూడా బాబాయ్‌కి దొరకలేదు. భార్య దగ్గరికొచ్చి, జేబులోంచి డ్యూటీ పెట్టె తీసి, అందులో ఉన్న మూడు సిగరెట్లూ మేడమ్ బల్లమీద వరసగా పేర్చి, ఖాళీ పెట్టె తిరిగి జేబులో పెట్టింది. కాస్త బయటికి కనబడేలాగే పెట్టింది.

అప్పట్నించీ ఆ ఇంట్లో రోజూ సాయంత్రం ఒక పరీక్ష జరుగుతోంది. మిషను ఆపి ఆమె అడుగుతుంది.

"తాగారా?"

"ఛ ఛ."

"ట్యాంకు దగ్గరికెళ్లారా?"

"ఏంటోయ్, చెబితే నమ్మవా?"

"చెయ్యి చూపించండి."

బాబాయ్ ఎడమచెయ్యి చాపుతాడు.

"ఆ రెండోది" అంటుంది ఆమె, దీపం దగ్గరికి జరుపుతూ.