ముందే రాసిపెట్టిన వారం

మొన్న మా మనవరాలు ఫోన్‌లో డైరీ రాసుకుంటూ, ఒక్కరోజు తప్పితే అది గుర్తుచేసి మరీ గదమాయిస్తుందని, కావాలంటే రేపటిది ఇవాళే రాసి పెట్టుకోవచ్చని మురిపెంగా చెబుతుంటే, నడి వేసవిలో నాకు ఒళ్ళు జలదరించింది.

నేను ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. కడియంలో నర్సరీవాళ్ళింటికి కోడలిగా అడుగుపెట్టాక, రోజూ మొక్కల కొమ్మలకు అంట్లు కట్టే పని ముగించి, మట్టి చేతులు కడుక్కుని శాఖా గ్రంథాలయానికి పరుగెత్తి, అక్కడి బీరువాలు ఒక్కొక్కటిగా చదివేశానని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. దినచర్య రాసుకుంటే మనసు కుదుటపడుతుందని, ఒక్కరోజూ తప్పకూడదని అక్కడే ఏదో పుస్తకంలో చదివి పట్టుదలగా మొదలుపెట్టాను. అయితే నర్సరీలో రోజుకూ రోజుకూ తేడా ఏముంటుంది? ఎక్కడ తప్పిపోతుందోనన్న భయంతో ఆదివారం కూర్చుని శనివారం దాకా ముందే రాసేసేదాన్ని, ప్రతిరోజు కిందా మామయ్యగారు మల్లె మడులకు నీళ్ళు పెట్టారని.

ఒక ఆదివారం మామయ్యగారు అది చూసి పకపకా నవ్వారు.

"ఏంటమ్మా, రేపటిది కూడా ఇవాళే రాసేత్తన్నావా? అయితే నేను ముసుగుతన్ని పడుకుంటాను. నా పని నీ పుస్తకమే చేత్తాదిలే!"

మంగళవారం తెల్లవారేసరికి ఆయన నిద్రలోనే పోయారు.

మైల కాబట్టి ఇంట్లోవాళ్ళం ఎవరం మడుల్లోకి దిగలేదు, కూలీలనూ రావద్దన్నాం. బుధవారం పొద్దున గుమ్మంలోంచి చూస్తే మల్లె మొక్కలు పెట్టిన మట్టి కవర్లన్నీ నిండా తడిసి ఉన్నాయి. నీళ్ళ పైపు ఆయన చుట్టే తీరులోనే చుట్టి ఉంది. పక్క నర్సరీవాళ్ళను అడిగిస్తే మాకు తెలియదన్నారు. గురువారమూ అంతే, శుక్రవారమూ అంతే. మిగతా మడులు ఎండిపోతున్నాయి, నేను రాసిన మల్లెలు మాత్రం కాదు. బురదలో ఒక్క అడుగుజాడా లేదు.

అత్తయ్యగారు భయపడలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. శనివారం సాయంత్రం ఆమె నా పక్కన కూర్చుని పెన్ను చేతిలో పెట్టారు.

"ఎందాకా రాశావమ్మాయ్?"

"ఇవాళ్టితో అయిపోయిందండి."

"మరి రాయి. నీ సొమ్మేం పోయింది? నీళ్ళే కాదు, వచ్చి టీ తాగారని కూడా రాయి."

అప్పటికే ఆమె మామయ్యగారి టీ గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించి ఉంచారు.

రాస్తే వచ్చేవారేమో, ఇవాళ్టికీ నాకు తెలియదు. కానీ రోజూ ఆ గ్లాసు ముందు కూర్చుని, కనిపించని మనిషి కోసం బతుకంతా కాచుకుని ఉండే అత్తయ్యగారు కళ్ళముందు కదిలారు. చివరికి, నేను ముందు రాసిన వాక్యం కిందే నిజంగా జరిగింది రాశాను: మామయ్యగారు లేరు. ఏం రాశావో చదవమన్నారు అత్తయ్యగారు. చదివాను. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు మల్లె మడులు పొడిగా ఉన్నాయి. మైలనీ, మమ్మల్నీ లెక్కచేయకుండా అత్తయ్యగారు పైపు పట్టుకుని తానే దిగారు.

అప్పటినుంచీ పొద్దుగూకాకే రాస్తాను, అదీ ఒక్క వాక్యం. ఒంట్లో బాగోలేనినాడు మానేస్తాను, దానికి కొంపలేమీ మునగలేదు. అలా రాస్తుండగానే అత్తయ్యగారి రోజులూ అయిపోయాయి. ఇప్పుడు మడుల మీద స్ప్రింక్లర్లు టైమర్ ప్రకారం మనిషి లేకుండానే వాటంతటవే తిరుగుతున్నాయి. పొద్దున్నే తడిసిన మట్టిని చూసి నీళ్ళు ఎవరు పెట్టారని అడిగేవాళ్ళు లేరు. నాకొక్కదానికే, ఆ తడి మీద కాలు మోపబోయి ఒక్క క్షణం ఆగిపోవడం ఇంకా పోలేదు.